గుత్తకా, అమానీకా?

చార్మినారు కింద నిలబడి నైరుతి మూలకు చూస్తే నూరు గజాల దూరంలో మక్కా మసీదు కనిపిస్తుంది. రెండూ కుతుబ్ షాహీలు తలపెట్టిన కట్టడాలే.  చార్మినారు 1591 నాటిది. హైదరాబాదు నగరపు పునాదులతోపాటే అదీ లేచింది. మసీదుకు 1617లో పునాదిరాయి పడింది. పూర్తయినది ఎప్పుడనుకున్నారు? 1694లో! అంటే 77 ఏళ్ళు. తాత తవ్వించిన పునాది మీద మునిమనవడు తలుపులు బిగించాడని అనుకుందామంటే అదీ కుదరదు. తవ్వించిన వంశం వేరు, బిగించిన వంశం వేరు. నడుమ గోల్కొండ కోటే చేతులు మారింది.

ప్రభుత్వ కట్టడాల బిల్లులు తనిఖీ చేసే బల్ల దగ్గర నేను ఇరవై ఏడేళ్ళు కూర్చున్నాను. అందువల్ల ఎక్కడ ఏ కట్టడం చూసినా అందరికీ వచ్చే ఆలోచనలు నాకు రావు. "అబ్బ, ఎంత అందంగా ఉన్నది!" అని మా ఆవిడ అంటూ ఉంటే, "దీన్ని ఎవరి చేత, ఏ పద్ధతి మీద కట్టించారు? సొమ్ము ఎప్పుడెప్పుడు ఇచ్చారు? ఆలస్యమైతే నష్టం ఎవరు భరించారు?" అని నేను లెక్కలు వేస్తూ ఉంటాను. ఈ జబ్బు పెన్షన్‌తో కూడా పోలేదు. పాతబస్తీలో ఈ జబ్బుకు కావలసినంత మేత ఉన్నది.

ముందు మసీదు సంగతి చూద్దాం. శంకుస్థాపన చేసినవాడు సుల్తాను మహమ్మద్ కుతుబ్ షా. పని పర్యవేక్షించిన వాళ్ళుగా ఇద్దరి పేర్లు చెబుతారు: ఒకరు మీర్ ఫైజుల్లా బేగ్, మరొకరు రంగయ్య చౌదరి. మసీదు పనికి మన రంగయ్య ఉండడం ఈనాటి వాళ్ళకు వింతగా తోచవచ్చు గాని ఆనాటి గోల్కొండలో అది మామూలే. ఎనిమిది వేలమంది పనివాళ్ళను పెట్టారంటారు. గుత్తలూ టెండర్లూ లేవు. సర్కారే రాయి తీయించి, సర్కారే కూలి ఇచ్చి, సర్కారు మనిషే నిలబడి చేయించుకున్న పని. ఈ పద్ధతికి మన పాత దఫ్తర్లలో 'అమానీ' అని పేరు.

పని ఎక్కడ ఆలస్యమైందో చెప్పడానికి మనకు ఒక బయటి సాక్షి ఉన్నాడు. తవర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండకు పలుమార్లు వచ్చాడు. మసీదును 'పగోడా' అని రాసుకున్నాడు గాని తక్కిన వివరాలు శ్రద్ధగానే పట్టుకున్నాడు. ఆయన చూసేనాటికే పని మొదలై సుమారు యాభై ఏళ్ళు అయిందట. ప్రార్థన చేసే గూడు మొత్తం ఒకే బండతో కావాలని పట్టుపట్టారు. ఆ ఒక్క బండను గుట్టనుంచి విడదీయడానికి అయిదేళ్ళు పట్టింది. అయిదారు వందల మంది విడవకుండా పనిచేశారు. దాన్ని బండి మీదికి దొర్లించడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. లాగడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చాయని ఆయనకు చెప్పారు.

పాఠకులు ఒక్క క్షణం ఆ ఎద్దుల మేత ఖర్చు ఆలోచించండి. 1,400 ఎద్దులంటే 700 జతలు. వాటికి తోలేవాళ్ళు, మేత, నీళ్ళు, దారి చదును చేసే కూలీలు! బండ కదిలినా, కదలకపోయినా ఖర్చు ఆగదు. అమానీ పనిలో ఉన్న పెద్ద చిక్కు అదే. ఆలస్యమైతే నష్టపోయేవాడు పని చేయించేవాడు ఒక్కడే. అతని ఖజానా నిండుగా ఉన్నంతకాలం ఎవరికీ తొందర ఉండదు. మహమ్మద్ కుతుబ్ షా 1626లో పోయాడు. తరువాత అబ్దుల్లా, ఆయన తరువాత తానాషా వచ్చారు. ఒకవైపు మొగలుల ఒత్తిడి, మరొకవైపు కప్పాల బాధ. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయింది. ఆయన మిగిలిన పని ముగింపు చేయించి, 1694లో "ఇక చాలు" అన్నాడు. మీనార్లు మొదట అనుకున్న ఎత్తుకు పోలేదని చెబుతారు. మా భాషలో చెప్పాలంటే, ఎస్టిమేటు కుదించి ఫైనలు బిల్లు చేశారు.

మరి చార్మినారు అంత చప్పున ఎట్లా లేచింది? అదీ అమానీయే గదా! నాకు తోచిన కారణాలు రెండు. కట్టించే రాజు మహమ్మద్ కులీ కుతుబ్ షా, ప్లాను గీయించిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇద్దరూ మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉన్నారు. సందేహం వస్తే అడగడానికి మనిషి ఉన్నాడు. జవాబు ఆ పూటే వచ్చేది. రెండోది, వాళ్ళు కోరిన పని చేతికి అందే పని. చార్మినారులో 1,400 ఎద్దులు లాగవలసిన బండ లేదు. చేతికి ఎత్తగలిగే రాయి, డంగుసున్నం, పైన గచ్చు నగిషీ. నూటఅరవై అడుగుల ఎత్తు, లోపల 149 మెట్లు, అంతా చిన్న చిన్న పనులుగా విడగొట్టి నాలుగు మూలలా ఒకేసారి సాగించడానికి వీలయిన కట్టడం. నాలుగు మూలలకూ నాలుగు ముఠాలను పెట్టితే పోటీ మీద చేస్తారు. ఏ మేస్త్రీ అయినా ఇది చెబుతాడు.

సున్నం సంగతి కూడా చెప్పాలి. డంగుసున్నం సిమెంటు లాగా సంచి విప్పగానే వాడేది కాదు. సున్నం నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం వంటివి కలపాలి, పూసిన తరువాత రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. తొందరపెడితే పగులుతుంది. మొగలుల కాలంలో పిడుగు పడి నైరుతి మీనారు దెబ్బతింటే అరవై వేల రూపాయలతో బాగుచేయించారట. 1824లో కట్టడమంతటికీ లక్ష రూపాయలు పెట్టి కొత్త గచ్చు వేయించారు. 2019 మే నెల మొదట్లో ఒక మీనారు నుంచి గచ్చు పెచ్చు ఊడి కింద పడింది. అదృష్టవశాన ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇట్లాంటి మరమ్మతును 'తక్కువ ధర చెప్పినవాడికే' అని వేలం పాడితే ఏమవుతుంది? తక్కువ చెప్పినవాడు ముందు తగ్గించేది గానుగ తిప్పే రోజులనే. అందుకే పురావస్తు శాఖ వాళ్ళు ఈ తరహా పని చాలా మటుకు తమ మేస్త్రీలను దగ్గర పెట్టుకుని చేయించుకుంటారు. ఇక్కడ అమానీయే మేలు.

ఇక గుత్త. మూసీ ఒడ్డుకు వస్తే గుమ్మటాలతో ఎర్రరాయి, గులాబిరాయి హైకోర్టు కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊళ్ళో సగాన్ని ఊడ్చుకుపోయాక, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టీ రాతి అంగళ్ళ వరసతో సహా పాతబస్తీలో ఈనాడు మనం చూసే తీరైన వీధులు కొన్ని ఆ కాలపువే. హైకోర్టు ప్లాను జైపూరు వాసి శంకర్ లాల్‌ది. 1915 ఏప్రిల్ 15న మొదలైన పని 1919 మార్చి 31కి ముగిసింది. నాలుగేళ్ళు కూడా నిండలేదు! ప్లాను ముందుగా పూర్తి చేసి, దాన్ని పనివాళ్ళ చేతికిచ్చి, మధ్యలో మార్చకుండా కట్టించుకుంటే ఇట్లా జరుగుతుంది. మధ్యలో మార్చకుండా అన్న మాట దగ్గరే మన వాళ్ళకు కష్టం.

స్వాతంత్ర్యం వచ్చాక అన్నిచోట్లా నిలిచిన పద్ధతి టెండరు. ఇంజనీరు ప్లాను గీస్తాడు. మట్టి తవ్వకం ఇంత, కాంక్రీటు ఇంత, ఇనుము ఇంత అని ఒక్కొక్క పనికి పరిమాణం కట్టి ఎస్టిమేటు తయారుచేస్తాడు. కంట్రాక్టర్లు ధరావతు కట్టి ధర చెబుతారు. ఎస్టిమేటుకు ఎవరు ఎక్కువ 'లెస్' వేస్తే వాళ్ళది పని. చేసిన పనిని కొలతల పుస్తకంలో ఎక్కించి బిల్లు పెడతారు. వినడానికి ఎంత సొంపైన ఏర్పాటు! నేను ఆ పుస్తకాలు కొన్ని వేలు చూశాను. దానిలో లోపం ఎక్కడున్నదో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఒక జిల్లాలో ఒక బడి కట్టడం. ఊరి పేరు, శాఖ పేరు చెప్పను. ఎస్టిమేటులో పునాది 'మామూలు నేల' అని రాశారు. కంట్రాక్టరు ఇరవై రెండు శాతం లెస్ వేసి పని దక్కించుకున్నాడు. రెండడుగులు తవ్వేసరికి బండ తగిలింది. బండకు రేటు వేరు. "ఎక్కువ ఇస్తే గాని తవ్వను" అన్నాడు ఆయన. "చూసుకుని టెండరు వేయవలసింది" అన్నారు వీరు. కాగితాలు పైకి పోయినవి, కిందికి వచ్చినవి, మళ్ళీ పైకి పోయినవి. పదకొండు నెలలు పని ఆగింది. ఆ పదకొండు నెలలూ పిల్లలు వేపచెట్టు కింద చదువుకున్నారు. ముందుగా మూడు చోట్ల గుంత తీసి నేల పరీక్ష చేయించి ఉంటే దానికయ్యే ఖర్చు ఆ ఫైలు మీద అంటించిన స్టాంపులకంటె పెద్ద ఎక్కువేమీ కాదు. నేల అడుగున ఏముందో ముందు తెలియకపోవడం, దాని నష్టం ఎవరిదో ఒప్పందంలో రాసుకోకపోవడం — కట్టడాల తగాదాలలో నేను చూసిన వాటిలో మూడు వంతులు ఈ రెంటి దగ్గరే పుట్టినవి.

ఈ తగాదాలు తప్పించడానికని తరువాత మరో పద్ధతి వచ్చింది. ప్లాను గీసేదీ, సామాను కొనేదీ, కట్టేదీ అన్నీ ఒకే కంపెనీకి ఒప్పచెప్పి, మొత్తానికి ఒకే ధర మాట్లాడుకోవడం. బండ తగిలినా, ఊట పడినా బాధ కంపెనీదే. దానికి పై మెట్టు కూడా ఉన్నది: సొమ్ము కూడా కంపెనీయే పెట్టి, కట్టి, కొన్నేళ్ళు నడుపుకుని, రాబడి తిని, తరువాత సర్కారుకు అప్పగించడం. మన ఊళ్ళో మెట్రో రైలు ఈ పద్ధతి మీదే వచ్చింది. ఆ కథ కొంచెం వివరంగా చెప్పదగినది. ఎందుకంటే అది చార్మినారు వాకిటి దాకా వచ్చి ఆగింది.

2008లో మొదటిసారి వేలం జరిగినప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఇట్లాంటి పనులకు గిట్టుబాటు కాదని కంపెనీలు సర్కారును సాయం అడుగుతాయి. మేటాస్ అనే కంపెనీ కూటమి ఎదురు తామే సర్కారుకు సంవత్సరాల మీద 30,311 కోట్ల రూపాయలు ఇస్తామని పాడుకున్నది! రైలు నడిపి అంత లాభం ఎట్లా వస్తుంది? ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే ఒక లేఖ రాసి, వాళ్ళ కన్ను రైలుమీద కాదు, దానితోపాటు ఇచ్చే భూములమీద అన్నట్లు హెచ్చరించారు. ఆయనమీద పరువునష్టం దావా వేస్తామని కూడా అన్నారు. నాలుగు నెలలు తిరక్కుండా, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. మేటాస్ ఆ కుటుంబానిదే; ఇంగ్లీషులో ఆ పేరు వెనకనుంచి చదివితే సత్యమే వస్తుంది. జూలైలో ఒప్పందం రద్దయింది.

మళ్ళీ వేలం వేశారు. ఈసారి ఎల్ అండ్ టి కంపెనీ 1,458 కోట్ల సాయం అడిగి పని దక్కించుకున్నది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం అయింది. ఒకరు ఇస్తామన్నారు, ఒకరు ఇమ్మన్నారు, ఇమ్మన్నవారే కట్టారు. ఇంటి పని గుత్తకిచ్చేటప్పుడు అందరికంటె బాగా తక్కువ చెప్పినవాడిని చూసి సంతోషించే గృహస్థులు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

మూడు దారులు, 71 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి 30 కిలోమీటర్లు మియాపూరు నుంచి నాగోలు దాకా 2017 నవంబరు 28న తెరిచారు. జూబిలీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా పోవలసిన రెండో దారిని 2020 ఫిబ్రవరి 7న మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా తెరిచి ఊరుకున్నారు. అక్కడినుంచి ఫలక్‌నుమాకు అయిదున్నర కిలోమీటర్లు. అదే పాతబస్తీ. 66 కిలోమీటర్లు కట్టిన యంత్రాలు ఈ అయిదున్నర దగ్గర ఎందుకు ఆగినవి?

పద్ధతి లోపమా అంటే, పూర్తిగా కాదు. ఇంజనీర్ల చేతగానితనం అసలే కాదు. దారి ఇరుకు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, హరిబౌలి, శాలిబండ, అలియాబాదు — ఈ వీధులలో రోడ్డును వెడల్పు చేయందే స్తంభం నిలవదు. దారి పొడుగునా మసీదులు, గుళ్ళు, ఆషుర్ఖానాలు, దర్గాలు, సమాధులు. దారి మార్చాలని రాజకీయ పక్షాలు పట్టుపట్టినవి. వేరే దారి చూశారు, మళ్ళీ పాతదానికే వచ్చారు. కంపెనీతో రాసుకున్న ఒప్పందం ప్రకారం స్థలం ఖాళీ చేసి ఇవ్వవలసిన బాధ్యత సర్కారుది. స్థలం చేతికి రానిదే కంపెనీ పారపట్టదు. ఆగినందుకు ఆయన్ను ఈయన, ఈయన్ను ఆయన అనుకుంటూ ఏళ్ళు గడిచినవి.

ఆ దారిలో ఒక చిన్న అంగడి యజమానితో నేను మాట్లాడాను. తాతలనాటి ఇల్లు, ముందువైపు దుకాణం. నష్టపరిహారం ఎంత ఇస్తారన్న దిగులు ఆయనకు లేకపోలేదు. కాని ఆయన్ను వేధించినది వేరే. ఇల్లు పోతుందని కొలతలు తీసుకుని పోయారు. పోయేదానికి మరమ్మతు ఎందుకని పైకప్పు బాగుచేయించలేదు. ఇవాళో రేపో అనుకుంటూ ఏళ్ళు దొర్లినవి. వర్షాకాలం వస్తే దుకాణంలో బకెట్లు పెట్టుకుని కూర్చున్నారు. కూతురి పెళ్ళికి ఆ ఇంటిమీద అప్పు అడిగితే ఇచ్చేవాడు లేడు. "ఎంత ఇస్తారో కాదు సాబ్, ఏ తారీఖో చెప్పమనండి" అన్నాడు. ఆలస్యానికి ఖరీదు కట్టే గడి మా కొలతల పుస్తకంలో లేదు. ఈ మనిషి బకెట్ల లెక్క ఏ కంపెనీ నష్టాల పట్టికలోనూ చేరదు.

2024 మార్చి 8న ఫలక్‌నుమాలో ఈ ముక్కకు మళ్ళీ శంకుస్థాపన జరిగింది. దారిని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. ఈసారి పద్ధతి కూడా మారింది. కంపెనీ పెట్టుబడి మాట వదిలి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి సొంతాన కట్టాలని ప్లాను. ఢిల్లీలో మొదటినుంచి జరిగింది ఇదే. అక్కడ 1995లో ఒక ప్రభుత్వ సంస్థను నెలకొల్పి, జపాను అప్పు తెచ్చి, పనులు ముక్కలుగా గుత్తకిచ్చి, నిర్ణయాలు మాత్రం ఒక్క చోటే పెట్టుకున్నారు. 2002 డిసెంబరులో మొదటి రైలు నడిచింది. పాతబస్తీలో స్థలాలు పోయేవారికి చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున నిర్ణయించి, 2025 జనవరిలో మొదటి చెక్కులు పంచారు. అదే ఏడాది సెప్టెంబరులో, కోవిడ్ నాటినుంచి నష్టాలతో వేగలేక బయటపడతానంటున్న కంపెనీ వాటాను, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. అంటే మొదటి దశ కూడా చుట్టూ తిరిగి సర్కారు చేతికే వచ్చే ఏర్పాటయింది. గుత్తతో మొదలై అమానీతో తేలింది కాబోలు!

మరి సొంతంగా ఇల్లు కట్టుకునేవారి మాట? సామాను మీరు కొని కూలి మాత్రం మేస్త్రీకి గుత్తకిస్తే అది సగం అమానీ. రోజూ వెళ్ళి నిలబడే ఓపిక, ఇంట్లో అందుకొక మనిషి ఉంటేనే దానికి దిగండి. చదరపు అడుగుకు ఇంత అని మొత్తం ఒప్పచెప్పేవారు, ఏ కంపెనీ సిమెంటు, ఎంత మందం ఇనుము, కిటికీలకు ఏ కర్ర అన్నది కాగితం మీద పెట్టించండి. పునాదిలో బండ గాని ఊట గాని తగిలితే ఖర్చు ఎవరిదో ముందే రాయించండి. సొమ్ము తేదీల ప్రకారం ఇవ్వకండి. పని మెట్ల ప్రకారం ఇవ్వండి. బేస్మెంటుకు ఇంత, స్లాబుకు ఇంత, చివరి పది శాతం ఒక వానాకాలం చూశాక. అన్నింటికీ మించి, గోడ లేచాక "ఈ గది అటు జరిపితే బాగుంటుందేమో" అనే మాట మీ నోటా, మీ బావమరిది నోటా రానీయకండి.

చివరగా ఒక చిన్న సంగతి. ఫలక్‌నుమా దారి మీర్ మోమిన్ దాయిరా పక్కనుంచి పోతుంది. నగరానికి ప్లాను గీయించిన ఆ పేష్వాను అక్కడే పూడ్చారు. చార్మినారు చుట్టూ నూరు మీటర్లలోపల కొత్త కట్టడం కూడదని 2010లో చేసిన చట్ట సవరణ ఉన్నది గనుక స్టేషను దూరంగానే కడతారు. 'చార్మినార్' అని పేరు పెట్టే ఆ స్టేషనులో దిగినవారు అరకిలోమీటరు నడవాలి. సాయంత్రంపూట లాడ్ బజారు మీదుగా నడిస్తే గాజుల దుకాణాల దగ్గర ఎట్లాగూ గంటసేపు ఆగవలసి వస్తుంది.